ముప్పై యూరోల హద్దు

నూరియా నన్ను ఆ మాట అడిగింది పోయినేడాది జనవరి అయిదో తేదీ సాయంత్రం. చర్చి ముందు కూడలిలో వేదిక మీద, కానుకలు పంచే గాస్పర్ రాజు వేషంలో కూర్చుని ఉన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల. తన పొట్లం అందుకుంది, అక్కడే విప్పింది, వెళ్ళిపోకుండా నా పెట్టుడు గడ్డం దగ్గరికి మొహం తెచ్చి మెల్లగా అడిగింది.

"రాజుగారూ, నేనేం తప్పు చేశాను?"

పొట్లంలో రంగు పెన్సిళ్ళ పెట్టె, ఉన్ని మఫ్లరు ఉన్నాయి. ఆమెకంటే ముందు పిలిచిన, పందుల ఫారం యజమాని బాల్దొమేరో కొడుకులిద్దరూ బ్యాటరీతో నడిచే చిన్న మోటారు సైకిళ్ళ మీద అప్పటికే కూడలి చుట్టూ తిరుగుతున్నారు. ఆ హోరులో ఆమె మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. అదొక్కటే మేలు. ఏ తప్పూ చెయ్యలేదమ్మా అన్నాను. అయితే సరే అన్నట్టు తలూపి, మెట్లు దిగి తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

బాలయేసుకు కానుకలు తెచ్చిన ముగ్గురు రాజులు ఏటా ఆ రాత్రి పిల్లలకూ తెస్తారని మా వైపు నమ్మకం. మా వాల్దెసార్సాలో మాత్రం వాళ్ళు ఇళ్ళకు రారు. పక్క ఊళ్ళలో పిల్లలు కిటికీ దగ్గర బూట్లు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి వాటి పక్కన కానుకలు వచ్చి ఉంటాయి. మా దగ్గర రాజులు ట్రాక్టరు ట్రాలీ మీద కూడలికి వచ్చి, ఒక్కొక్క పేరూ పిలిచి, చేతికిస్తారు. ఆ మధ్యాహ్నమే తల్లిదండ్రులు పిల్లల కంటపడకుండా పంచాయతీ ఆఫీసు వెనక తలుపు దగ్గర పొట్లాలు అప్పగించి పోతారు. నేను బడి పంతులుగా వచ్చిన కొత్తలో కూడా ఇదే పద్ధతి. అప్పట్లో అందరి పొట్లాలూ ఒకే తీరుగా ఉండేవి. ఒక బంతి, ఒక బొమ్మ, కాసిని బాదం మిఠాయిలు. ఇప్పుడు ఊళ్ళో మిగిలింది పదకొండు మంది పిల్లలే. పొట్లాలు మాత్రం ట్రాలీలో పట్టడం లేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి వేషం తీసేసి చాలాసేపు వంటింట్లో కూర్చున్నాను. నా భార్య అరాసేలీ పోయి నాలుగేళ్ళయింది. ఆ రాజుల అంగీలు మూడూ ఆమె కుట్టినవే. ఆమె ఉంటే, కూర్చుని ఏం లాభం, లేచి ఏదో ఒకటి చెయ్యండి అనేది. చెయ్యాలనే అనుకున్నాను.

నవంబరులో బడి గదిలో తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టాను. మేయరు లెయాంద్రో కూడా వచ్చాడు. ఏటా మెల్చోర్ రాజు అతనే. కూడలిలో ఇచ్చే పొట్లం ముప్పై యూరోలు దాటకూడదని, అంతకంటే విలువైనవి ఇవ్వదలుచుకుంటే ఇంట్లో ఇచ్చుకోవచ్చని నేను రాసుకొచ్చిన కాగితం చదివాను. కాసేపు గొడవ గొడవగా మాట్లాడుకున్నారు. ముప్పైకి ఈ రోజుల్లో ఏమొస్తుందని ఒకరన్నారు. యాభై చెయ్యమన్నారొకరు. మా అమ్మమ్మకు నారింజ పండు ఇస్తే నెల రోజులు చెప్పుకునేదని ఇంకొకావిడ అంది. అయితే నీ పిల్లకి ఈసారి నారింజే ఇస్తావా అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. పందుల ఫారం బాల్దొమేరో గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నాడు.

"నా కష్టం, నా పిల్లలు. ఎంత పెట్టాలో నాకు కాగితం మీద రాసిస్తారా మాస్టారూ?"

ఎంత పెట్టాలో కాదు, ఎక్కడ పెట్టాలో రాశానని చెప్పాను. పేరు చెప్పకుండానే పోయినేడాది ఒక పిల్ల నన్నేమడిగిందో కూడా చెప్పాను. తరువాత చేతులెత్తమంటే ఎత్తారు. బాల్దొమేరో కూడా ఎత్తాడు. వెనక వరసలో కూర్చున్న కసిల్దా మాత్రం ఎత్తలేదు. నూరియా తల్లి ఆమె. వృద్ధుల ఆశ్రమంలో గదులు తుడిచే పని చేస్తుంది. మొగుడు లారీ తోలుతూ బార్సిలోనా వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. నేను చెప్పింది తన పిల్ల గురించేనని తెలిసి బిడియపడి ఉంటుందనుకున్నాను. ఇంటికి తేలికపడ్డ మనసుతో నడిచాను. చాలా రోజుల తరువాత ఆ పూట నా కోసమని సరిగ్గా వంట చేసుకున్నాను.

పదిరోజుల తరువాత, మధ్యాహ్నం పూట, కసిల్దా మా తలుపు తట్టింది. పనిలోంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి. కాఫీ పెట్టాను. ఆమెకు అక్షరాలు నేర్పింది నేనే కాబట్టి నా ముందు కుర్చీలో ఆనుకుని కూర్చోదు. అంచున కూర్చుంది.

"మీటింగులో చెయ్యెందుకెత్తలేదని మీరు అడుగుతారనుకున్నా."

"సిగ్గుపడ్డావనుకున్నాను."

"సిగ్గేం కాదు మాస్టారూ. అప్పటికే సైకిలు కొనేశా."

జరగోసా నుంచి సెలవులకు వచ్చేవాళ్ళ ఇళ్ళు వేసవంతా ఆదివారాలు కూడా మానకుండా కడిగిందట. తెరువేల్ పట్నం వెళ్ళి నీలం రంగు సైకిలు కొని, మూడు గేర్లది, వాళ్ళ పిన్ని కొట్టంలో దుప్పటి కప్పి దాచిందట. రెండు వందల నలభై. ఆ అంకె చెప్పేటప్పుడు కాఫీ కప్పులోకి చూస్తూ చెప్పింది.

మంచిదే కదా, ఇంట్లో ఇవ్వు, ఇంట్లో ఎంతదైనా ఇవ్వొచ్చనే రాసుకున్నాం అన్నాను.

"ఇంట్లో ఇస్తే ఎట్లా మాస్టారూ? ఒక్క ఏడాది. మీ చేత్తో దాని పేరు పిలిచి ఇవ్వండి, అందరూ చూడాలి. వచ్చే ఏడాది నుంచి మళ్ళీ పెన్సిళ్ళే ఇస్తా."

నాకు ఆమె మాట అర్థమైందనే అనుకున్నాను. అందరి ముందూ ఒక్కసారి తలెత్తుకోవాలని ఆమెకు కోరిక, అది సహజం, కాని సరిగ్గా ఆ పోటీని ఆపడానికే కదా మేం ఇంత చేసింది. అలాగే చెప్పాను. నీది ఒప్పుకుంటే రేపు బాల్దొమేరోను ఏ నోటితో ఆపను అన్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఇంకో మాట కూడా అన్నాను.

"ఇదంతా మీ కోసమే కదమ్మా."

"మా కోసమా," అంది. కోపంగా అనలేదు. కాగితం మీద ఏముందో చూసి చదివినట్టు అంది. కాఫీ తాగేసి, కప్పు కడిగి బోర్లించి, "సరే మాస్టారూ," అని లేచింది. చిన్నప్పుడు లెక్క తప్పిందని గీత కొడితే కూడా అలాగే సరే మాస్టారూ అనేది.

మెత్తబడకుండా మాట మీద నిలబడ్డానని ఆ పూట నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. అది దాచుకోవడం ఎందుకు.

పిల్లలు రాజులకు రాసే ఉత్తరాలు డిసెంబరంతా బేకరీలో చెక్కపెట్టెలో వేస్తారు. అవి చదివి, ఎవరేం కోరారో తల్లిదండ్రుల చెవిన వేసే పని నాది. నూరియా ఉత్తరం చిన్నది. పోయినసారి ఇచ్చిన పెన్సిళ్ళు ఇంకా అయిపోలేదు కాబట్టి ఈసారి పెన్సిళ్ళు అక్కర్లేదని, వీలుంటే నీలం సైకిలు కావాలని, వీలుకాకపోతే ఎందుకు వీలుకాలేదో చెప్తే చాలని రాసింది. ఆ కాగితం కసిల్దాకు ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకుంది.

అయిదో తేదీ వచ్చింది. మంచు పడలేదు గాని గాలి కత్తిలా కోస్తోంది. బేకరీ ఆవిడ నా చేతితొడుగులు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి తెచ్చి ఇచ్చింది. ట్రాలీ కూడలిలోకి తిరిగేసరికి పొట్లాలన్నీ చిన్నవే, ఒకే తీరువి, వరసగా పేర్చి కనిపించాయి. గడ్డం వెనక నేను నవ్వుకున్నాను.

మొదటి పేరు బాల్దొమేరో పెద్దకొడుకుది. పొట్లంలో హెల్మెట్టు ఉంది. దానికి రసీదు అతికించి ఉంది. మెట్ల పక్కన నిలబడ్డ బాల్దొమేరో నా వైపు చూసి చెయ్యి ఊపాడు.

"చూసుకోండి మాస్టారూ. ఇరవై తొమ్మిది యూరోల తొంభై సెంట్లు. పది సెంట్లు మిగిల్చాం."

ఆ మాట పూర్తి కాకముందే కూడలికి అవతల గ్యారేజీ షట్టరు పైకి లేచింది. ఫారంలో పనిచేసే మనిషి పిల్లలు నడిపే నాలుగు చక్రాల చిన్న మోటారు బండి మీద హారన్ కొట్టుకుంటూ వచ్చి వేదిక ముందు ఆపాడు. వెనకే ఇంకొకటి, రెండోవాడికి. జనం చప్పట్లు కొట్టారు. తరువాత ఇంకో అమ్మాయి పొట్లంలో తోలు కళ్ళెం వచ్చింది. చర్చి పక్క సందులోంచి వాళ్ళ మామయ్య పొట్టి గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. ఒక పిల్లవాడికి ఫోను పెట్టుకునే తొడుగు వచ్చింది, ఫోను వాళ్ళమ్మ సంచిలోంచి వచ్చింది. పదకొండు మందిలో ఏడుగురికి అలాగే. లెయాంద్రో తన మెల్చోర్ గడ్డంలోంచి నా చెవిలో అన్నాడు, కాగితంలో రాసినదాన్ని ఎవరూ మీరలేదోయ్, అందరివీ ముప్పై లోపే, ఏం చేస్తాం అని. అతని మనవరాలికి వచ్చిందే ఆ గుర్రం.

నూరియా పేరు నేనే పిలవాల్సి వచ్చింది. ఆమె పొట్లంలో ఒక కథల పుస్తకం, ఊలు టోపీ ఉన్నాయి. ఆమె వెనకనుంచి ఏదైనా వస్తుందేమోనని జనం కొందరు సందు వైపు తలలు తిప్పారు. నూరియా కూడా తిప్పింది. తరువాత నా వైపు తిరిగి, "థాంక్స్ రాజుగారూ," అంది. ఈసారి ఏమీ అడగలేదు.

అంతా అయ్యాక పంచాయతీ గదిలో అంగీ విప్పుతుంటే బాల్దొమేరో లోపలికి వచ్చి నాకో గ్లాసు వైను ఇచ్చాడు. గెలిచినవాడు జాలిపడి ఇచ్చినట్టే ఉంది గాని అతనికి నా మీద నిజంగానే కోపం లేదు. ఎందుకిలా చేశావని అడిగాను. చెయ్యెత్తావు కదా, ఇంట్లో ఇస్తే సరిపోయేది కదా అన్నాను.

"ఇంట్లో ఇస్తే మావాళ్ళు నమ్ముతారా మాస్టారూ? కూడలిలో ఇచ్చేది రాజులు, ఇంట్లో ఇచ్చేది అమ్మానాన్నలు. ఈ ఊళ్ళో నాలుగేళ్ళ వెధవక్కూడా తెలుసు. మీకూ పిల్లలు ఒకళ్ళో ఇద్దరో ఉండుంటే మీకూ తెలిసేది."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాను. ఆ ఒక్క సంగతి నాకెప్పుడూ తట్టలేదు. మా ఇంట్లో ఎవరూ ఏ తెల్లవారీ లేచి, ఇది రాజులిచ్చిందా మీరిచ్చిందా అని అడగలేదు. కసిల్దా నా వంటింట్లో కూర్చుని, ఇంట్లో ఇస్తే ఎట్లా అన్నది ఇందుకు. నేను దానికి వేరే అర్థం చెప్పుకుని జవాబు కూడా ఇచ్చేశాను.

అప్పుడే వాళ్ళింటికి పరిగెత్తి, సైకిలు ఇవ్వొద్దు, దాచు, ఇంకేదైనా ఆలోచిద్దాం అని చెప్పాల్సింది. వెళ్ళలేదు. నీలం సైకిలు నీలం సైకిలే, పిల్ల దాన్ని చూశాక ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతుందా అని సర్దిచెప్పుకున్నాను. కాళ్ళు కూడా బాగా చల్లబడి ఉన్నాయి.

మర్నాడు పండగ రొట్టె పెద్ద ముక్క ఒకటి గుడ్డలో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వీధిలో సైకిలు మీద ఎదురొస్తుందేమోనని దారంతా చూస్తూ నడిచాను. గుర్రం ఎదురైంది, నాలుగు చక్రాల బళ్ళు ఎదురయ్యాయి. నూరియా ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది. సైకిలు ఫ్రిజ్‌కు ఆనించి ఉంది. హ్యాండిలుకు చుట్టిన కాగితం చుట్టినట్టే ఉంది. కసిల్దా నన్ను కూర్చోమని కుర్చీ లాగింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

నూరియా నోటుబుక్కు నా వైపు తిప్పింది.

"మాస్టారూ, ఇది కరెక్టేనా చూడండి."

రెండు వందల నలభైని తొమ్మిదితో భాగించింది. సీటు కింద ధర చీటీ తీయడం కసిల్దా మరిచిపోయింది. గంటకు తొమ్మిది యూరోలు తల్లి జీతం. ఇరవై ఆరున్నరకు పైన, దాదాపు ఇరవై ఏడు గంటలు అని తేల్చింది. లెక్క చూశాను. తప్పు లేదు. కరెక్టేనమ్మా అన్నాను.

"ఇరవై ఏడు గంటలంటే మూడు రోజులకన్నా ఎక్కువ. ఆశ్రమం పని కాకుండా," అంది. "దుకాణం వాళ్ళు తిరిగి తీసుకుంటారా?"

అది అమ్మ కొన్నది కాదు, రాజులిచ్చింది అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల నన్ను ఓపిగ్గా చూసింది. బడిలో మందబుద్ధి పిల్లవాడికి రెండోసారి చెప్పేటప్పుడు నేనూ అలాగే చూసి ఉంటాను.

"రాజులు కూడలిలో ఇస్తారు కదా. ఇంట్లో ఇచ్చేది అమ్మ."

"ఈ ఏడాది పద్ధతి మార్చారమ్మా. పెద్ద కానుకలు ఇళ్ళకే పంపించారు."

"మరి గుర్రం?"

కసిల్దా పొయ్యి వైపు తిరిగి నిలబడి గిన్నెలో లేనిదాన్ని కలుపుతోంది.

"మాకొక్కళ్ళకే మార్చారా?" అని అడిగింది నూరియా. తరువాత తనే, "పోనీలే," అంది.

చాలు నూరీ, మాస్టార్ని విసిగించకు, వెళ్ళి పిన్నమ్మకు కట్టెలు కావాలేమో అడిగిరా అని తల్లి పంపేసింది. పిల్ల వెళ్ళేటప్పుడు సైకిలుకు బట్ట తగలకుండా పక్కకు ఒదిగి నడిచింది. పొద్దుటి నుంచీ అంతేనట. ఒక్కసారి ఎక్కి చూడవే అని బతిమాలితే, ఎక్కను, గీతలు పడితే దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోరు అందట.

ఆ డబ్బు నేనిస్తాను, సైకిలు ఉంచు అన్నాను. అది నా తప్పుకు వెల కట్టినట్టు ఉంటుందని అనేశాక తెలిసింది.

"అప్పుడది మీరిచ్చింది అవుద్ది మాస్టారూ," అంది కసిల్దా. "నేనిచ్చిందే అది ఉంచుకోనంటోంది." చేతులు తుడుచుకుంది. "దానికి ఆ నమ్మకం ఇంకో ఏడాదో రెండేళ్ళో ఉండేది. ఎట్లాగూ తెలుసుకునేదే. ఒక్కసారి అందరి ముందూ అది నిజమని చూసి, ఆ తరవాత తెలుసుకోనిద్దామనుకున్నా. అంతే."

నేను క్షమించమని అడగబోయాను. ఆమె ముందే మాట మార్చింది.

"రేపు మీ కారు ఖాళీయేనా?"

మర్నాడు సైకిలును కారు వెనక పడుకోబెట్టి, ఎక్కడా రాసుకోకుండా నా పాత దుప్పటి చుట్టి, తెరువేల్ వెళ్ళాం. దారిలో నూరియా ఊలు టోపీ పెట్టుకుని కథల పుస్తకం చదువుతూ కూర్చుంది. అది బాగుందా అని అడిగితే బాగుంది, రాజులిచ్చింది కదా అంది. నన్ను నొప్పించాలని కాదు. కూడలిలో వచ్చింది కాబట్టి అది రాజులదే. ఆ మాత్రం నమ్మకం ఇంకా మిగిలినందుకు నేను సంతోషించాలో వద్దో తెలియక దారి చూస్తూ నడిపాను. కసిల్దా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

దుకాణంలో మాలాగే తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. మా వంతు వచ్చాక కౌంటరు వెనక అమ్మాయి సైకిలును అటూ ఇటూ తిప్పి చూసింది. చక్రాలకు మట్టి కూడా అంటలేదే అంది. మంచి మనిషి. రసీదు మీద గడువు రెండు వారాల కిందటే దాటిపోయినా, పండగ రోజులు కదా అని చూడనట్టు ఊరుకుంది. కౌంటరు మీదుగా వంగి నూరియాను పలకరించింది.

"ఏం బుజ్జీ, రాజులు సైజు తప్పు తెచ్చారా?"

నూరియా తల్లి మొహం వైపు చూసింది. కసిల్దా బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"సైజు సరిగ్గానే ఉందండీ," అంది నూరియా. "పొరపాటున మా ఇంటికి తెచ్చేశారు."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. మీ మనవరాలు గడుసుదే అంది నాతో. కాదని చెప్పలేదు. ఆ అమ్మాయి తిరిగి ఇచ్చిన నోట్లను కసిల్దా లెక్కపెట్టకుండానే సంచిలో పెట్టుకుంది. సైకిలు ఎక్కడ పెట్టమంటారని అడిగితే, గోడవారగా వరసలో పెట్టేయండి అంది ఆ అమ్మాయి. నేను తోసుకుంటూ తీసుకెళ్ళి మిగతా నీలం వాటి పక్కన నిలబెట్టాను.